పుస్తకమును గూర్చి నాలుగు పంక్తులు

(గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున కార్యకర్తల సభయందు చేసిన ఉపన్యాసము)



ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మొదలగువానియందు పుస్తకములను గూర్చి ఏమి వ్రాయవలెను, ఎట్లు వ్రాసినచో చదువరి గ్రంథాలయము గడప త్రొక్కును అను విషయముపై మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విషయము చదువగానే ముందువరుసలోని పెద్దలు కొందఱు ఒకరినొకరు చూచుకొని నవ్విరి. పుస్తకమునకు ఎసరు పెట్టినది ఫోనే గదా, ఆ ఫోనునే పుస్తకమునకు రాయబారిగా పంపుట యేమి వింత యని వారి భావము కాబోలును. అది త్రోసివేయదగిన సందేహము కాదు. దానికి సమాధానము చెప్పియే ముందునకు పోవుదుము.

మన గ్రంథాలయోద్యమమును నడిపినవారు పుస్తకములను బీరువాలో నుంచి, తాళపుచెవి మొలలో దోపుకొని, చదువరి వచ్చువఱకు కూర్చుండినవారు కారు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి రాష్ట్ర సంఘ మేర్పడినది మొదలు అయ్యంకి వేంకటరమణయ్యగారును వారి సహచరులును ఊరూర తిరిగి జనమును పిలిచిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కృష్ణ కాలువ వెంట గ్రామములకు పంపిరి. పడవయే యేల? ఆనాడు జనము కాలువ గట్టుననే యుండిరి. రాకపోకలు పడవలమీదనే సాగెడివి. పడవలో గంటలకొలది కూర్చున్నవానికి వేఱు పని లేదు. జనము తీరికగా కూర్చున్నచోటికి పుస్తకమును పంపుటయే అందలి యుక్తి.

నేడు జనము తీరికగా కూర్చుండు చోటేదియో తెలిసికొనగోరువారు మా కోర్టు వరండాకు వచ్చి చూడవచ్చును. ఉదయము పది గంటలకు వచ్చిన కక్షిదారు తన కేసు వాయిదా పడినదని తెలియువఱకు బల్లపై కూర్చుండి బొటనవ్రేలితో ఫోనును పైకి త్రోయుచునే యుండును. ఒక పగటికి వాడు చదువు అక్షరములు లెక్కించినచో చిన్న నవల యగును. కాని యవి యేమి యక్షరములు? ఎవరో యెవరినో తిట్టినవి, ఏదియో యమ్మజూచినవి. చదువుట వానికి రాక కాదు, చదువదగినది వాని కంటబడక. ఆ వ్రేలు ఒక్క నిమిష మాగునట్లు మనము నాలుగు పంక్తులు వ్రాయగలమా యనునదే నేటి ప్రశ్న.

ఇది వినోదమునకు చెప్పుమాట కాదు. మీరందఱు చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు పన్ను. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టముచేత నేర్పడిన నిధి యది. దానితోడనే జిల్లా గ్రంథాలయ సంస్థలు బ్రతుకవలెను. స్థానిక సంస్థలు వసూలు చేసిన సొమ్మును గ్రంథాలయములకు జమకట్టక బకాయి పెట్టుచున్నవను వార్త తఱచు పత్రికలలో చదువుచున్నాము. అడుగబోయినచో వచ్చు జవాబు ఒక్కటే: “చదివేవాళ్ళేరీ?” ఆ ప్రశ్నకు మన చేతిలోని సాక్ష్యము రాకపోకల రిజిస్టరు తప్ప మఱియొకటి లేదు. ఆ పుటలు ఖాళీగా నున్నచో వకీలెంత గట్టిగా వాదించినను కేసు నిలువదు. పోటీపరీక్షలకు చదువు యువకులు తమ సొంత పుస్తకములతో వచ్చి మన బల్లలను నింపుచున్నారు; సంతోషమే. బీరువాలలోని పుస్తకములను తెఱచువారు కావలెను.

ఇక పోస్టుల సంగతి. పుస్తకములను గూర్చి నేడు కనబడు పోస్టులలో నూటికి తొంబది యొక్క తీరుననే యుండును. ఒక అట్టబొమ్మ, ప్రక్కన కాఫీగిన్నె, క్రింద “అద్భుతం, ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి” అని ఒక వాక్యము. ఆ వాక్యము వేయి పుస్తకములకు సరిపోవును గనుక ఏ పుస్తకమునకును పనికిరాదు. వివాహ పరిచయములలో “అబ్బాయి మంచివాడు” అన్నట్టిది యది. ఏ యూరివాడు, ఏమి చేయుచున్నాడు, కోపము వచ్చినప్పు డెట్లుండును అని గదా పిల్ల తండ్రి యడుగును? పుస్తకము విషయములోను అంతే. ఆ పుస్తకమునకు దక్క మఱియొకదానికి చెల్లని సంగతి నొక్కదానిని పట్టుకొనుడు.

కన్యాశుల్కమును తీసికొందము. గొప్ప నాటకమని చెప్పుటవలన క్రొత్తవాడు కదలడు. బడిలోనే ఆ మాట విని విసిగియున్నాడు. ఇట్లు వ్రాయుడు: “గురజాడ కన్యాశుల్కాన్ని 1897లో అచ్చువేశారు. తృప్తి కలగక, 1909లో దాదాపు కొత్త నాటకంగా మళ్ళీ రాశారు. మన బీరువాలో ఉన్నది మొదటిదా, రెండోదా? సాయంత్రం వచ్చి చూసి చెప్పండి.” ఇందులో పొగడ్త యొక్కటియు లేదు. వచ్చి చూడవలసిన పని యొకటి యున్నది.

మాలపల్లికి: “ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఈ నవలను జైల్లో రాశారు. 1922లో అచ్చయిన తర్వాత మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధించింది. ఒక దళిత కుటుంబం కథకి సర్కారు ఎందుకు భయపడింది? రెండో బీరువా, మూడో అర.” చివర నున్న ఆ బీరువా సంఖ్యను మీరు తేలికగా చూడవలదు. ఆశ పుట్టించి చిరునామా చెప్పని పోస్టు, వంటయింటి వాసన చూపి తలుపు మూసినట్లుండును. పుస్తకము ఎచ్చట దొరకును, గ్రంథాలయము ఏ వేళకు తెఱచును, చందా యెంత యనునవి ప్రతి పోస్టులోను ఉండితీరవలెను.

ఈ నమూనాలను వాడుకభాషలో చెప్పితిమని గమనించియుందురు. సభలో మాటలాడు ఈ పెద్ద తెలుగు పోస్టులకు పనికిరాదు. ఇంటిలో మాటలాడు తెలుగునే వ్రాయుడు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడినది అందుకొఱకే. కాని తెలుగును తెలుగు లిపిలో వ్రాయుడు. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుచు తెలుగు పుస్తకము చదువుమని చెప్పుట మాకు సహింపరాని సంగతి. మఱియొకటి. వాక్యములన్నియు బొమ్మలోనే చెక్కి పెట్టకుడు. బయట అక్షరములుగా కూడ నుంచుడు. చూపులేనివారికి ఫోను అక్షరములను చదివి వినిపించును; బొమ్మలో నున్నదానిని ప్రతి ఫోనును చదువజాలదు. ఏడాది తరువాత ఎవరైన వెదకినను అక్షరములైననే దొరకును.

ఇటీవల మన గ్రంథాలయమున వేసవి సెలవులలో స్వచ్ఛందముగా పనిచేసిన డిగ్రీ విద్యార్థిని యొక్కతె ఒక పని చేసినది. పుస్తకము వెనుక అట్టకు అంటించియుండు తేదీ చీటీ మీ రెఱుగుదురు గదా. తేనెటీగల పెంపకమును గూర్చిన యొక పాత పుస్తకము చీటీపై కడపటి ముద్ర ఇరువది యేండ్ల క్రిందటిది. ఆ యమ్మాయి అట్టను గాక ఆ చీటీని ఫొటో తీసి, “ఇరవై ఏళ్ళుగా దీన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు. మీ ఊళ్ళో తేనెటీగలు పెంచేవాళ్ళున్నారా?” అని మాత్రమే వ్రాసి పెట్టినది. ఆ పోస్టుకు వచ్చిన లైకులు తొమ్మిది. అదే వారమున మఱియొక కార్యకర్త పెట్టిన సూర్యాస్తమయపు బొమ్మకు, పుస్తకము మన నేస్తమను వాక్యముతో, నాలుగువందల లైకులు వచ్చినవి. సూర్యాస్తమయము చూచి ఎవ్వరును రాలేదు. తేనెటీగల చీటీ చూచి నాలుగవనాడు ఒక యువకుడు బస్సు దిగి వచ్చెను. రెండు తేనెపెట్టెలు కొని, ఈగలు ఎగిరిపోవుచుండగా ఏమి చేయవలెనో తెలియక యున్నవాడట. సభ్యత్వము కట్టి ఆ పుస్తకమును, దానితోపాటు మఱి రెండింటిని తీసికొనిపోయెను.

ప్రతి పుస్తకమునకును తగిన చదువరి యెచ్చటనో యుండును, వానిని వెదకి దానితో కలుపుట గ్రంథాలయము ధర్మమని రంగనాథన్‌గారు 1931లో వెలువరించిన పంచసూత్రములలో నొకదాని తాత్పర్యము. ఆ సూత్రమును ఆ యమ్మాయి చదివియుండలేదు. పని మాత్రము చేసినది. కావున పోస్టు ఫలమును లైకులతో కొలువకుడు. పోస్టు పెట్టిన వారము రోజులలో ఆ పుస్తకము బీరువా విడిచి వెళ్ళినదా లేదా యని రిజిస్టరులో చూడుడు. వెళ్ళనిచో మఱియొక తీరున వ్రాయుడు.

ఇతర దేశములవారు ఏమి చేయుచున్నారో చూచుటలో తప్పులేదు. 2018లో న్యూయార్కు ప్రజాగ్రంథాలయమువారు ఇన్‌స్టాగ్రామ్‌లో “ఆలిస్ ఇన్ వండర్‌లాండ్” మొదలుకొని కొన్ని ప్రసిద్ధ రచనలను పూర్తిగా బొమ్మలతో, పుట వెంబడి పుటగా, ఫోనులోనే చదువుకొనునట్లు పెట్టిరి. అందుకు డబ్బు, చిత్రకారులు కావలెను, మనవల్ల కాదు. టిక్‌టాక్ వలన జరిగినది మనకు దగ్గఱది. “ది సాంగ్ ఆఫ్ అకిలీస్” అను నవల 2011లో వెలువడి, పదేండ్లు గడచిన పిమ్మట హఠాత్తుగా మరల విరివిగా అమ్ముడుపోసాగెను. ప్రకటనలవలన గాదు. చదివిన ఆడుపిల్లలు ఫోను ముందు కూర్చుండి, ఏ పుటలో కన్నీరు వచ్చినదో చెప్పుచు నిజముగనే యేడ్చిరి. మనదేశమున ఆ యాప్‌ను 2020 జూనులో నిషేధించిరి గాని, అట్టి చిన్న వీడియోలు ఇతరచోట్ల సాగుచునే యున్నవి. పండిత విమర్శకన్న సాటి చదువరి మాటకు బలము హెచ్చని దీనివలన తెలియుచున్నది. మన రచ్చబండలకు ఇది క్రొత్త సంగతి కాదు.

పుస్తకముల వెన్నులను ఒకదానిపై నొకటి పేర్చి, పేర్లన్నియు కలిసి వాక్యమగునట్లు చేయుట యొక యాట. నీనా కచదూరియన్ అను అమెరికా చిత్రకారిణి 1993 నుండి దీనినొక కళగానే సాగించుచున్నది. మన పిల్లలకు చెప్పి చూడుడు. గోపీచందుగారి “అసమర్థుని జీవయాత్ర”ను పైన నుంచి, దాని క్రింద బుచ్చిబాబుగారి “చివరకు మిగిలేది” పెట్టుడు. వేఱొక మాట కలుపనక్కఱలేదు. చిక్కేమనగా, మన పాత తెలుగు పుస్తకములు చాలవఱకు పలుచనివి, పిన్ను కొట్టినవి. వెన్నుపై పేరే యుండదు. ప్రచురణకర్త లెవరైన ఈ సభలో నున్నచో ఇది వారికి మా విన్నపము.

పోస్టుకు తిథి వారములు చూచుట మఱియొక జాడ్యము. ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినము, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవము. ఆ రోజున అందఱును ఒక్కసారి కేకలు వేయుదురు, మఱునాడు నిశ్శబ్దము. ఆ కేకలలో మన గొంతు వినబడదు. ఊరిలో ఏమి జరుగుచున్నదో చూచి వ్రాయుడు. వేసవి సెలవులు మొదలైన దినమున “బుడుగు”ను గూర్చి వ్రాయుడు. బొప్పాయితోటలకు తెగులు వచ్చినదని తెలిసిన వారమున తోటల పుస్తకమును పైకి తీయుడు. వేటపాలెము సారస్వత నికేతనమువంటి పాత గ్రంథాలయములలో వెనుకటి పత్రికల కట్టలున్నవి. మన గ్రంథాలయమునను కొన్ని యున్నవి. మన వీధి పేరు, మన యేటి వరద ఆ పుటలలో కనబడినచో అంతకన్న మంచి పోస్టు మఱియేమున్నది?

ఇప్పుడు మా మనస్సునకు కష్టము కలిగించు నొక సంగతి. మహానుభావుల బొమ్మ వేసి, వారనని మాటలను వారి నోట పెట్టుట నేడు వ్యాపారమైనది. పుస్తకప్రియులు ఈ పాపమున ముందున్నారు. చినిగిన చొక్కా తొడిగికొనియైన మంచి పుస్తకము కొనుమను హితవు మీ అందఱి ఫోనులలోను ఉన్నది. క్రింద కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరున్నది. అదే హితవు పాతకోటు, క్రొత్త పుస్తకము అను మార్పుతో ఇంగ్లీషువారిలో ఆస్టిన్ ఫెల్ప్స్ అను అమెరికా మతాచార్యుని పేర చెలామణి యగుచున్నది. ఆయన 1890లో గతించెను. పంతులుగారు ఏ గ్రంథమున, ఏ పుటలో ఆ మాట వ్రాసిరో చూపిన పోస్టును మే మింతవఱకు చూడలేదు. కోర్టులో ఇట్టి కాగితమును దాఖలు చేసినచో న్యాయాధిపతి విసరికొట్టును. పుస్తకములను ప్రేమించువారమని చెప్పుకొనుచు పుస్తకమును తెఱవకయే దానినుండి ఉదాహరించుట ఎట్టి ప్రేమ? మన గ్రంథాలయము పేర వెలువడు ప్రతి ఉదాహరణకును గ్రంథము పేరు, ముద్రణ సంవత్సరము, పుట సంఖ్య యుండవలెనని నియమము చేయుదము. అవి లేనిచో ఎంత రుచికరమైన మాటయైనను మనకు వలదు.

వకీలు నోట చట్టము రాక మానదు గనుక అదియు కొంచెము వినుడు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత గతించిన మఱుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లవఱకు సామాన్యముగా వారసులకు హక్కు గలదు. 1915లో గతించిన గురజాడ, 1919లో గతించిన వీరేశలింగము, 1946లో గతించిన చిలకమర్తి, వీరు తమ జీవితకాలమున ప్రకటించిన రచనలను ఎవరైన పూర్తిగ పెట్టుకొనవచ్చును. 1961లో గతించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి విషయమున ఆ గడువు 2021 చివరతో ముగిసెను. మూలము ఎంత పాతదైనను అనువాదకుని హక్కు వేఱుగ నుండునని మఱవకుడు. హక్కున్న పుస్తకమును సమీక్షించునప్పుడు, పేరు చెప్పి, అవసరమైనంత మేరకు కొన్ని పంక్తులు చూపుటకు 52వ సెక్షను అవకాశ మిచ్చుచున్నది. సభలో కొంతభాగము పైకి చదువుటకును అనుమతి గలదు. దానిని రికార్డు చేసి లోకమునకు విడుచుట వేఱు సంగతి, అడిగి చేయుడు.

కాని పుస్తకమును మొత్తముగా ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంచువారున్నారు. సాహిత్యసేవ యని వారి యభిమానము. ఐదువందల ప్రతులు అచ్చువేసి, నూఱు అమ్ముడుపోయి, తక్కినవి మంచము క్రింద పేర్చుకొన్న తెలుగు రచయితను మీరు చూచియే యుందురు. ఆ సేవవలన ఆయనకు జరుగునదేమో ఆయన భార్యనడుగుడు. మన గుంపులలో అట్టి పీడీఎఫ్ వచ్చినచో, పంపినవారు ఎంత పెద్దలైనను, తొలగించి మర్యాదగా కారణము చెప్పవలెను. ఎవరు ఏ పుస్తకము తీసికొనిపోయిరో పేర్లతో ప్రకటింపరాదు. వైద్యగ్రంథము తీసికొన్నవాని రోగము ఊరివారి కేల? పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల నడుగుడు.

పెద్దల సందేహములో మిగిలిన భాగము నొప్పుకొనుచున్నాము. ఈ ఫోను వీధి మనది కాదు. పరదేశపు కంపెనీల సొత్తు. మన ప్రకటన ఎవరికి చూపవలెనో, ఎవరికి దాచవలెనో వారి యంత్రము నిర్ణయించును. ఆ లెక్క మనకు చెప్పరు. ఒకనాటి ట్విట్టరు 2023లో పేరే మార్చుకొన్నది. కావున అచ్చట వ్రాసిన ప్రతి నాలుగు పంక్తులను ఒక కాగితముపైనను వ్రాసి మన గుమ్మము ప్రక్కన నల్లబల్లకు అంటించుడు. ఒక నోటుపుస్తకములో తేదీతో ఎక్కించుడు. కంపెనీ మూతపడినను మన ప్రయత్నము మనయొద్ద నుండును. ఫోను లేనివారును ఈ యూరిలో గలరు, వారును పన్ను కట్టుచున్నారు.

నిజాము రాజ్యమున, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు తెలుగు పుస్తకమునకు చదువరులను ఒక్కొక్కరినిగా కూడగట్టుకొనిరి. మనకు కావలసినది, వ్రాయబోవు పుస్తకమును ముందు తాము చదువు కార్యకర్తలు. చదువనివాడు వ్రాసిన పోస్టు రెండవ పంక్తిలోనే పట్టుబడును.

ఇక పని. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు గ్రంథాలయమునకు రండు. పదేండ్లుగా ముద్ర పడని పుస్తకములను గ్రంథపాలకులు ప్రక్కకు తీసియుంచుటకు ఒప్పుకొనిరి. ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసికొనిపోయి, పదునైదు దినములలో చదివి, నాలుగు పంక్తులు వ్రాసి తెండు. ఒకరు వ్రాసినది మఱియొకరు చదివి సరిచూచిన పిమ్మటనే పైకి పోవును. పుట సంఖ్యలు మేము చూచెదము. తీసికొనిపోవునప్పుడు రిజిస్టరులో సంతకము పెట్టుట మఱవకుడు. ఆ పుటలో మొదటి పేరులు మనవే కావలెను.